చేతి బ్రేకుతో ఎక్కిన జారుడు బండ

వర్క్‌షాపుల్లో కొత్తగా చేరిన మీలాంటివాళ్ళు కనబడ్డప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతారు, "సార్, మీ సర్వీసులో అన్నిటికంటే కష్టమైన రిపేరు ఏది?" అని. ఏదో పెద్ద ఇంజను పేరు చెబుతానని ఎదురుచూస్తారు. నేను చెప్పేది అసలు చెడిపోని బండి గురించి. చెడిపోని బండిని నేనే చెడగొట్టాను, తర్వాత నేనూ ఇంకొకాయనా కలిసి దారిలో పెట్టాం. ఆ రెండోదాని గురించి నాకు ఇప్పటికీ గర్వమే. మొదటిది దాచిపెట్టి రెండోదే చెప్పుకుంటే నాకు హాయిగా ఉండేది గానీ, అలా చెబితే ముచ్చట అతకదు.

అప్పటికి శంషాబాద్‌లో కొత్త ఎయిర్‌పోర్టు తెరిచి మూడేళ్ళయింది. చుట్టుపక్కల గుట్టల మీద, ఎత్తైన స్తంభాల మీద ఎర్ర దీపాలు వెలుగుతుంటాయి, చూసే ఉంటారు. ఇక్కడ ఎత్తుంది, జాగ్రత్త అని పైలట్లకు చెప్పే దీపాలవి. వాటిలో కొన్నిటి బాగోగులు చూసే ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీలో నేను వర్క్‌షాపు మేస్త్రిని. గగన్‌పహాడ్‌లో మా రేకుల షెడ్డు. గుట్టల మీది దీపాలు సోలార్ పలకలతో, బ్యాటరీలతో నడిచేవి. ఒక్కో బ్యాటరీని ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. నాలుగు బ్యాటరీలు గుట్ట మీదికి చేర్చాలంటే నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి, దాన్ని రాళ్ళ మీద నడపగల మనిషి కావాలి.

ఆ మనిషిది మామిడిపల్లి. వయసు యాభై రెండు. పదిహేనేళ్ళు సొంత ట్రాక్టరు నడిపి, ఊళ్ళో పొలాలన్నీ ప్లాట్లయ్యాక దాన్ని అమ్మేసి మా దగ్గర డ్రైవరుగా చేరాడు. బండెక్కగానే చెప్పులు విప్పి సీటు కింద పెట్టేవాడు. "చెప్పులుంటే ఇంజను ముచ్చట కాలికి తెలవదన్నా" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. ఇంజను సంగతి తెలిసేది నా ఒక్కడికే అని నాకు గట్టి నమ్మకం.

వాళ్ళ ఊరి వెనక గుట్ట మీదే మాకున్న దీపాల్లో ఎత్తైనది ఉండేది. సగం దారిలో ఏటవాలుగా ఒక నున్నటి బండ. డ్రైవర్లు దాన్ని జారుడు బండ అనేవాళ్ళు. పాత జీపులో ఆయన దాన్ని ఎలా ఎక్కించేవాడో చూసి తీరాలి. వేగం తగ్గించి బలం పెంచే చిన్న గేర్ల లివరు వేసి, మొదటి గేరులో, కుడికాలు యాక్సిలరేటర్ మీద, ఎడమకాలు బ్రేకు మీద, రెండూ ఒకేసారి నొక్కేవాడు. ట్రాక్టరుకు ఎడమ చక్రానికో బ్రేకు, కుడి చక్రానికో బ్రేకు ఉంటాయి. బురదలో ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే దాని బ్రేకు కొంచెం పట్టిస్తే బలం రెండో చక్రానికి పోతుంది. ఆ విద్యనే జీపుకు తెచ్చుకున్నాడు. గాల్లో తేలిన చక్రాన్ని బ్రేకు కాస్త బిగబడితే, బండ మీద ఆనిన చక్రం లాగేది. జీపు మూలుగుతూ నిదానంగా ఎక్కేది.

ఆ ఏడు వానలకు ముందు కంపెనీ పాత జీపును తీసేసి కొత్త డీజిల్ బండి తెచ్చింది. పాతదాంట్లో పెడల్ నుంచి ఇంజను దాకా ఇనుప తీగ ఉండేది. కాలు ఎంత నొక్కితే ఇంజను అంత పలికేది. కొత్తదాంట్లో తీగ లేదు, పెడల్ కింద సెన్సర్ ఉంది. మీరెంత నొక్కారో అది కంప్యూటర్‌కు చెబుతుంది, ఇంజనుకు ఎంత ఇవ్వాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మీకిది పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతే. మాకు మాత్రం ఇంట్లోకి కొత్త పెద్దమనిషి వచ్చి కూర్చున్నట్టుండేది. ప్రతిదానికీ ఆయన అనుమతి కావాలి.

కొత్త బండి జారుడు బండ ఎక్కలేదు. మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ సగంలో ఇంజను మెత్తబడిపోయింది. దీపాల పనివాళ్ళు బ్యాటరీలను కర్రలకు కట్టుకుని భుజాల మీద మోసుకెళ్ళారు. డ్రైవరు షెడ్డుకొచ్చి నా ముందు నిలబడ్డాడు.

"అన్నా, రేస్ మొత్తం తొక్కిన. ఇంజను మాట ఇంటనే లేదు. దమ్ము లేదు దీనికి."

బండి అమ్మినవాళ్ళు వచ్చి పరీక్ష చేసి, ఏ లోపమూ లేదని కాగితం ఇచ్చి వెళ్ళారు. మా మేనేజరు కోస్తా మనిషి. నా మీద ఎంత కోపం వచ్చినా 'గారు' వదిలేవారు కాదు. ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, "బండి బాగుందని వాళ్ళు రాసిచ్చారు మేస్త్రిగారూ. మరి లోపం ఎక్కడుందంటారు?" అన్నారు. చూపు మాత్రం బయట బండి తుడుస్తున్న డ్రైవరు మీద ఉంది. "వయసు కూడా అయిపోయింది కదండీ. రెండు వారాలు చూద్దాం. కాకపోతే వేరే మనిషిని పెట్టుకుందాం."

నాలుగోసారి నేను ఆయన పక్కన కూర్చుని వెళ్ళాను. ఇంజను శబ్దం వినలేదు, ఆయన కాళ్ళు చూశాను. ఎడమకాలు బ్రేకు మీద పడగానే ఇంజను చల్లబడింది. నాకు వెంటనే వెలిగింది. యాక్సిలరేటరూ బ్రేకూ ఒకేసారి నొక్కితే కంప్యూటర్ బ్రేకు మాటే వింటుంది, ఇంజనుకు ఇంధనం తగ్గించేస్తుంది. యాక్సిలరేటర్ కింద ఏ చాపో ఇరుక్కుని బండి ఉరికితే మనిషి బ్రేకు తొక్కి బతకాలని పెట్టిన జాగ్రత్త అది. రోడ్డు మీద మంచిదే. జారుడు బండ మీద ఆయన పదిహేనేళ్ళ విద్యకు అదే అడ్డం పడింది.

ఆ క్షణాన నేను చేయాల్సిన పని ఒక్కటే, ఆ సంగతి ఆయనకు చెప్పడం. చెప్పలేదు. మా కాలం మేస్త్రీలకు ఒక అలవాటుండేది. డ్రైవరుకు రోగం పేరు చెప్పేవాళ్ళం కాదు. చెబితే రేపు మన అవసరం ఉండదని భయం. మా ఉస్తాదు దగ్గర నేను మొదట నేర్చుకున్న మాట, "లోపల చిన్న పనుండె, చేసిన" అనేది. నేనూ అదే అన్నాను. షెడ్డుకు రాగానే బ్రేకు పెడల్ దగ్గరున్న స్విచ్చి ప్లగ్గు ఊడదీసేశాను. ఇక బ్రేకు నొక్కిన సంగతి కంప్యూటర్‌కు తెలియదు. వెనక బ్రేకు లైట్లు కూడా వెలగవు. అది నాకు తెలుసు. గుట్టల మీద తిరిగే బండికి లైట్లెందుకులే అనుకున్నాను. ముందు అద్దం కింద ఒక పసుపు హెచ్చరిక దీపం వెలిగింది. దానికి నల్ల టేపు ముక్క అతికించాను.

మర్నాడు బండి ఎక్కేసింది. డ్రైవరు పైనుంచి ఫోన్ చేసి, "అన్నా, నీ చేతిల మస్తు మహిమ ఉంది" అన్నాడు. మేనేజరు షెడ్డుకొచ్చి చేయి కలిపారు. రెండు రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాను. ఇంట్లో కూడా చెప్పుకున్నాను.

మూడో రోజు పొద్దున గగన్‌పహాడ్ దగ్గర హైవే మీద ముందు లారీ ఆగితే మా డ్రైవరు బ్రేకు వేశాడు. వెనక స్కూటరు మీద వస్తున్న భార్యాభర్తలకు బండి ఆగుతున్నట్టు తెలియలేదు, వచ్చి గుద్దుకున్నారు. ఆమెకు మణికట్టు విరిగింది. డ్రైవరే వాళ్ళను మా బండిలో దవాఖానకు తీసుకెళ్ళి, అక్కడి నుంచి షెడ్డుకొచ్చాడు.

"లైటు పడలేదని ఆళ్ళంటున్నరన్నా. గట్లెట్ల పడదు? జర చూడు."

ఇప్పుడు చెప్పేది నేను ఎవరికీ చెప్పుకోదగ్గ పని కాదు. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే నేను పెడల్ కింద దూరి ప్లగ్గు మళ్ళీ పెట్టేశాను. టేపు పీకేశాను. మేనేజరు వచ్చి బ్రేకు నొక్కించి చూస్తే లైట్లు ఎర్రగా వెలిగాయి. స్కూటరువాళ్ళు అబద్ధమాడినట్టయింది, మావాడు అడ్డగోలుగా బ్రేకు వేసినట్టయింది. మేనేజరు ఆయనతో, "నువ్వు రేపటి నుంచి బండి ఎక్కకు. నేను చెప్పేదాకా ఇంటి దగ్గరే ఉండు" అన్నారు. డ్రైవరు సీటు కింది చెప్పులు తీసుకుని వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా నాకు ఒక్క బోల్టు సరిగ్గా ఎక్కలేదు. సాయంత్రం షెడ్డు నుంచి తిన్నగా మామిడిపల్లి పోయాను. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కూర్చోమనకముందే ఉన్నదున్నట్టు చెప్పేశాను. స్విచ్చి తీసింది నేను, పెట్టింది నేను, నోరు మూసుకున్నదీ నేనే అని. లోపల్నుంచి ఆయన భార్య వచ్చింది.

"నీ చేతి పనా గిది? పొద్దుగాలకెల్లి ఈన అన్నం ముట్టలే. యాభై రెండేండ్లోన్ని ఇంకెవడు పనికి పెట్టుకుంటడే అని ఒకటే పరేషాన్. అన్నా అన్నా అని నీకు మొక్కుకుంట తిరిగె గదా ఈన!"

నాకు సిగ్గుతో తల వాలిపోయింది. అక్కా, రేపు పొద్దున మేనేజరుకు నేనే చెబుతాను అన్నాను. డ్రైవరు నన్ను తిట్టలేదు. నెమ్మదిగా అడిగాడు.

"అంటే అన్నా, నేను బ్రేకు మీద కాలు పెట్టంగనే గది రేస్ బంద్ చేస్తుండెనా?"

"అవును."

"గంతేనా? ముందుగాల గీ ముక్క నాతోని చెప్తే ఏం పోయేది నీకు?"

  అంతలోనే ఆయన ఎడమ చేత్తో గాల్లో ఏదో గుంజినట్టు చేసి, "చేతి బ్రేకు గుంజితే గూడ తెలుస్తదా దానికి?" అన్నాడు.

నలభై ఏళ్ళు స్పానర్లు పట్టినవాణ్ణి, ఆ ప్రశ్న నాకు రాలేదు. కళ్ళు మూసుకుని వైరింగు పటం గుర్తు తెచ్చుకున్నాను. చేతి బ్రేకు తీగ ముందున్న చిన్న దీపం దాకానే పోతుంది. ఇంజను కంప్యూటర్ వైపు పోదు. చేతి బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. మాకు కావలసిందీ అదే.

"తెలవదు" అన్నాను. నా నోట్లోంచి కూడా ఆయన యాసే వచ్చింది.

మర్నాడు మేనేజరు ముందు నిలబడి అంతా చెప్పాను.  "మీరు ఇలా చేస్తారనుకోలేదు మేస్త్రిగారూ" అన్న ఒక్క మాట అన్నారు. నాకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు, అది న్యాయమే. నేనూ డ్రైవరూ కలిసి ఆ దంపతుల ఇంటికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పి వచ్చాం. డ్రైవరు మీద ప్రమాదం మచ్చ పోయింది. కానీ బండి గుట్ట ఎక్కట్లేదన్న మాట అలాగే ఉంది. "సిటీ నుంచి ట్రైనింగ్ అయిన డ్రైవరుతో మాట్లాడేశానండీ. ఈసారి దీపం పనికి ఇద్దరూ వస్తారు. ఎవరు ఎక్కిస్తే వాళ్ళకే బండి" అన్నారు మేనేజరు.

ఆదివారం నేను చర్చిలో ఆరాధన ముగించుకుని రాగానే, మేనేజరుకు చెప్పి బండి తీసుకుని, ఇద్దరం రావిర్యాల దగ్గర ఖాళీగా పడున్న రాళ్ళ నేలకు పోయాం. నాకు తెలిసిందంతా మొదటిసారి ఒక డ్రైవరుకు విప్పి చెప్పాను. చిన్న గేర్లలో ఈ పెడల్ కావాలనే మందంగా పలుకుతుంది, కుదుపులకు కాలు అదిరితే బండి ఎగరకూడదని అలా పెట్టారు, కాబట్టి మాటిమాటికీ తొక్కి వదిలితే అది తికమక పడుతుంది. మొదటి గేరులో కాలు పూర్తిగా తీసినా ఇంజను తనంతట తాను కొంచెం ఇంధనం తీసుకుని పాకుతుంది. ఆయన విన్నాడు, చేసి చూశాడు, నాకు తెలియనివి కనిపెట్టాడు. కుడిపాదం పక్కను తలుపు వైపు గోడకు ఆనిస్తే కుదుపులో కాలు కదలదు. చేతి బ్రేకు బొత్తం బొటనవేలితో నొక్కే ఉంచి, లివరు అడుగున ఉండే పళ్ళ లెక్కన రెండు పళ్ళ మేర, మహా అయితే మూడు పళ్ళ మేర గుంజాలి, బొత్తం వదిలితే బ్రేకు అక్కడే ఇరుక్కుంటుంది. రేస్ ముందు పట్టి, ఇంజను పుంజుకునే దాకా ఒక గుక్క ఆగి, అప్పుడు గుంజాలి. మధ్యాహ్నం దాటేసరికి ఒక చక్రం గుంతలో వేలాడుతున్నా బండి రాయెక్కింది. ఆయన స్టీరింగు మీద చేత్తో కొట్టి, "గిప్పుడు మాట ఇంటున్నది బిడ్డ!" అన్నాడు.

పది రోజులకు ఆ రోజు రానే వచ్చింది. రెండు రోజులుగా వాన. మామిడిపల్లి గుట్ట దీపానికి బ్యాటరీలు చచ్చిపోయాయి. పొద్దు గుంకేలోపు వెలగాలి. నాలుగు బ్యాటరీలు వేసుకుని బయల్దేరాం. మేనేజరు కూడా గొడుగు పట్టుకుని వచ్చారు. బండ మీద నీళ్ళు పారుతున్నాయి.

సిటీ డ్రైవరు మంచివాడే, చేయి తిరిగినవాడే. కానీ ఎక్కువ రేస్ ఇచ్చి వేగంతో కొట్టబోయాడు. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచి గిర్రున తిరిగింది, బండి పక్కకు జారింది. ఆయన బ్రేకు తొక్కాడు, ఇంజను చల్లబడింది. రెండోసారీ అంతే. మూడోసారికి తానే దిగి, "సార్, తడి మీద ఈ బండి ఎక్కదు. ఎవరి వల్లా కాదు" అన్నాడు.

మేనేజరు నా వైపు చూశారు. నేను మావాడి వైపు చూశాను. ఆయన చెప్పులు విప్పి సీటు కింద పెట్టి, కాళ్ళు లుంగీ అంచుతో తుడుచుకుని ఎక్కాడు.

"అన్నా, పక్కన కూసో. నోరు మాత్రం తెరవకు" అన్నాడు.

చిన్న గేరు పడింది. బండ మొదట్లో పాకించి, ఏటవాలు దగ్గర పాదాన్ని గోడకు ఆనించి రేస్ పట్టాడు. నాకు లెక్కపెట్టాలనిపించింది గానీ నోరు తెరవద్దన్నాడు కదా. వెనక ఎడమ చక్రం తిరగడం మొదలైంది. ఆయన ఎడమ చేయి లివరు మీద రెండు పళ్ళు గుంజింది. తిరుగుతున్న చక్రం బిగుసుకుంది, ఇంజను చల్లబడలేదు. కుడి చక్రం బండను కరిచింది. ఒక జాన, ఇంకో జాన. మధ్యలో ఒకసారి వెనక్కి జారబోయింది. నేను సీటు పట్టుకున్నాను. ఆయన రేస్ పెంచలేదు, తగ్గించలేదు, లివరు ఇంకో పన్ను గుంజాడు. ముందు చక్రాలు బండ దాటాయి. తర్వాత వెనకవి. పైకి చేరాక ఆయన ఇంజను ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. 

కింద నుంచి మేనేజరు నడుచుకుంటూ వచ్చారు, బూట్ల నిండా బురద. ఆయాసం తీర్చుకుని, "బండి మీదేనండీ" అన్నారు. అంతకుముందు ఆయన్ని ఒక్కసారి కూడా అండీ అనడం నేను వినలేదు, నాకొక్కడికే 'గారు' పెట్టేవారు. మేము బ్యాటరీలు మార్చేసరికి పొద్దు ఇంకా ఉంది. దీపం వెలిగింది. వాన మబ్బుల కింద ఒక విమానం దిగడానికి వస్తుంటే నలుగురం తలెత్తి చూశాం. ఆనందంతో నాకు కళ్ళు చెమర్చాయి, వాన కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఆ నెలలోనే మేనేజరు మా డ్రైవర్లందరికీ ఆయనతో నేర్పించమన్నారు. రావిర్యాలలో, తర్వాత జారుడు బండ మీద. నేర్చుకునేవాళ్ళ పేర్లు రాసిచ్చేటప్పుడు ఆయన నన్నడిగాడు, "అన్నా, నువ్వెన్నిసార్లు ఎక్కించినవ్ గీ బండ?"

ఒక్కసారి కూడా లేదు. బండ్లు బాగుచేయడమే గానీ, అవి ఎక్కాల్సిన చోట నేను నడిపింది ఎప్పుడూ లేదు. ఆ సంగతి ఆయన అడిగేదాకా నాకే తట్టలేదు. జాబితాలో నా పేరు కూడా రాసుకున్నాడు.

మొదటిసారి లివరు ముందు గుంజాను, బండి నిలబడిపోయింది. రెండోసారి బొత్తం వదిలేశాను, బ్రేకు ఇరుక్కుంది. చుట్టూ నేను జీవితమంతా దబాయించిన డ్రైవర్లే నిలబడి నవ్వుతున్నారు. మూడోసారి ఆయన పక్క సీట్లోంచి, "చెప్పులు ఇప్పు" అన్నాడు. విప్పాను. చల్లటి పెడల్ మీద వట్టి పాదం పెడితే ఇంజను అదురు మడమ దాకా తెలిసింది. ఇన్నేళ్ళూ నేను నవ్విన మాట అది. రేస్ పట్టాను, ఒక గుక్క ఆగాను, రెండు పళ్ళు గుంజాను.

బండి పైకి చేరాక ఆయన దిగి, శబాష్ అంటాడేమోనని నేను చూస్తుండగా, వెనక్కి నడిచి బండ మీద వంగాడు. చక్రం ఒక్క చుట్టు ఊరికే తిరిగినా పొడి బండ మీద రబ్బరు నల్లగీత పడుతుంది. అరచేత్తో బండను ఈ చివర్నుంచి ఆ చివరి దాకా తడిమి, కింద నిలబడ్డ డ్రైవర్లందరికీ వినబడేలా అరిచాడు.

"చూడుర్రి! మన మేస్త్రి ఎక్కిండు, గీత పడలే!"